చీటీ ఉండగా బొమ్మెందుకు?

పాఠకులకు నాదొక్కటే మనవి. బొమ్మల ప్రదర్శనకు తప్పకుండా వెళ్ళండి. కానీ దయచేసి అక్కడ బొమ్మలు మాత్రం చూడకండి!

తొందరపడి నన్ను తిట్టుకోకండి. నేను కళాద్వేషిని కాను. పదకొండేళ్ళుగా కళల మీదే బతుకుతున్నవాణ్ణి. గ్యాలరీలో ప్రతి బొమ్మ పక్కన తెల్లటి అట్టముక్క మీద చీమల్లాంటి అక్షరాలతో ఒక చీటీ ఉంటుంది చూడండి, 'ఈ చిత్రంలోని నీలిరంగు ఏకాంతానికి ప్రతీక' అంటూ మొదలవుతుంది, అది రాసేది నాబోటివాడే. అరవై మాటలు మించకూడదు. అరవై ఒకటో మాట రాస్తే అట్ట చాలదు.

ఈ చీటీలంటే కొందరికి ఒళ్ళుమంట. 'అన్నం తినేవాడి పక్కన నిలబడి రుచి ఎలా ఉందో వివరించినట్టు, ఏమిటయ్యా ఈ గోల' అని సణుగుతారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను మొహం మీదే అడిగినవాళ్ళున్నారు. పాపం, వాళ్ళకు చీటీ విలువ తెలియదు.

ఒక్కసారి ఆలోచించండి. చీటీ లేకపోతే మీ గతేమిటి? గోడ మీద ఒక పిట్ట బొమ్మ ఉంటుంది. మీరు దాన్ని చూస్తారు. మీకు పిట్ట కనిపిస్తుంది. అంతే! టికెట్టు కొనుక్కుని, మెట్లెక్కి, చెప్పులు అరగదీసుకుని వచ్చింది పిట్టను చూడటానికా? పిట్టలు మీ కిటికీ దగ్గర లేవా?

అదే చీటీ ఉందనుకోండి. పిట్ట ఉంటే స్వేచ్ఛ. పంజరం ఉంటే స్వేచ్ఛ లేకపోవడం. రెండూ లేకపోతే స్వేచ్ఛ కోసం తపన. బొమ్మ ఏదైనా మీరు ఖాళీ చేతులతో ఇంటికి పోరు.

నేను వాచీ పెట్టుకుని లెక్క చూశాను. సగటు మనిషి బొమ్మ ముందు నాలుగు సెకన్లు నిలబడతాడు. చీటీ ముందు నలభై సెకన్లు. ఆ నాలుగు కూడా చీటీలో రాసింది బొమ్మలో ఉందో లేదో సరిచూసుకోవడానికే. అలాంటప్పుడు మధ్యలో ఆ బొమ్మ ఎందుకు? రంగులు దండగ, ఫ్రేములు దండగ, మేకులు కొట్టి గోడలు పాడుచేసుకోవడం అన్నిటికన్నా దండగ.

చీటీ మహిమ గ్యాలరీతోనే ఆగదు. మా ఇంటి హాల్లో పైకప్పు చెమ్మ దిగి గోడ మీద పెద్ద మరక పడింది. ప్లంబర్ చూసి పైపు మార్చాలన్నాడు. ఇంటి యజమాని ఇదిగో వస్తున్నా అంటూ నెలలు గడిపాడు. విసిగిపోయి మరక పక్కన ఒక చీటీ అంటించాను, 'కాలం తన చేత్తో గీసిన జ్ఞాపకం' అని. వచ్చిన చుట్టాలంతా దాని ముందు నిలబడి తలలు ఊపారు. మా బావమరిది ఫోటో తీసుకున్నాడు. చివరికి యజమాని కూడా వచ్చి, చీటీ చదివి, 'ఇంత గొప్పదాన్ని చెరిపేస్తే పాపం కదండీ' అని వెళ్ళిపోయాడు. మరక ఇప్పుడు తలుపు దాకా వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. చీటీలు రాసేవాడికి అన్నిటికన్నా సులువైన సరుకు ఏదో తెలుసా? స్త్రీమూర్తి!

బొమ్మలో ఆడమనిషి కిటికీలోంచి బయటికి చూస్తోందా, నిరీక్షణ. లోపలికి చూస్తోందా, ఆత్మపరిశీలన. తిన్నగా మనవైపే చూస్తోందా, ధిక్కారం. అటు తిరిగి కూర్చుందా, లోకం మీద అలక. చేతిలో పువ్వుంటే ప్రేమ, రేకులు రాలితే విరహం, పువ్వే లేకపోతే త్యాగం. అద్దం ఉంటే అస్తిత్వం. దువ్వెన ఉంటే చిక్కుబడిన జీవితం. చివరికి ఆవిడ ఊరికే కూర్చున్నా సరే, మౌనం అని రాసేయవచ్చు.

ఇందులో ఏదీ ఆవిడను అడిగి రాసింది కాదు. అడగక్కర్లేకపోవడమే ప్రతీకలో ఉన్న గొప్ప సదుపాయం. మామూలు ఆడమనిషినైతే నడుం నొప్పిగా ఉందా, కాఫీ తాగావా అని అడగాలి. ప్రతీకకు నడుం ఉండదు.

'మరి మీరైనా బొమ్మలు చూస్తారా?' అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. చూడను.

మా గ్యాలరీలో ఒక పద్ధతి ఉంది. చిత్రకారులు బొమ్మతోపాటు ఒక ఫారం నింపి ఇవ్వాలి. అందులో 'చిత్రంలో ఏమేమి ఉన్నాయి' అని ఒక గడి ఉంటుంది. ఆఫీసులో గుమాస్తా ఆ వివరాలు టైపు చేసి నాకు పంపుతాడు. పక్షపాతం ఉండకూడదని పేర్లు తీసేసి నంబర్లు వేస్తాడు. పేర్లు బయటపెట్టేది ప్రదర్శన చివరి రోజునే. బొమ్మలు గోనెగుడ్డలు చుట్టుకుని గోదాములో పడి ఉండగానే నా చీటీలు అచ్చయిపోతాయి. నేను చూసి రాస్తే నా అభిప్రాయాలు బొమ్మ మీద రుద్దినట్టవుతుంది. చూడకుండా రాస్తే నిష్పాక్షికంగా ఉంటుంది. కాదంటారా?

ఈసారి ప్రదర్శన పేరు 'ప్రేమ, స్త్రీత్వం'. నలభై ఊహా చిత్రాలు. అన్నీ మనుషుల బొమ్మలే, కానీ ఉన్నది ఉన్నట్టు కాకుండా ఊహ కలిపి గీసినవి. నలభై మంది స్త్రీమూర్తులు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ మా ఆవిడ సంగతి కాస్త చెప్పాలి. ఆవిడ దర్జీ. వీధి మలుపులో సొంత షాపు ఉంది. మనిషి గుమ్మంలోకి రాగానే, టేపు తీయకుండానే భుజం ఎంత, చేయి ఎంత, ఏ కాలు కాస్త పొట్టి అన్నీ చెప్పేస్తుంది. పోయినేడు షాపు మెట్టు మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నలభై రోజులు కట్టు. కత్తెర పట్టుకోవడానికి లేదు, ఊరికే కూర్చోవడం చేతకాదు. తోచక ఎడమచేత్తో బొమ్మలు గీయడం మొదలుపెట్టింది. ఆ నలభై రోజులూ ఇంటి పనులు నేనే చేశాననుకోండి. అదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదు కాబట్టి వివరాల్లోకి వెళ్ళను.

కట్టు విప్పాక కూడా ఆవిడ గీయడం మానలేదు. షాపు వెనక గదిలో, గుడ్డముక్కల మధ్య, రంగులు కలుపుకుంటూ ఏదో చేస్తూనే ఉంది. నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. వృత్తిరీత్యా బొమ్మలు చూడనివాణ్ణి ఇంట్లో చూస్తే నియమభంగం కదా!

ప్రదర్శనకు పది రోజుల ముందు టిఫిన్ తింటుంటే చెప్పింది.

"నేనూ ఒకటి ఇచ్చానండీ, మీ గ్యాలరీకి."

"ఏ నంబరు?"

"చెప్పను. మీరే కనిపెట్టండి."

"బహుమతి వస్తుందంటావా?"

"బహుమతి ఎవడిక్కావాలి. ఇరవై రెండేళ్ళ కాపురం. నలభై బొమ్మల్లో నాదేదో మీరు పోల్చుకుంటే చాలు. రెండు సార్లు తప్పు చెప్పినా ఏమీ అనుకోను. అంతకంటే ఎక్కువైతే అనుకుంటాను."

నవ్వుతూనే అంది. కానీ ప్లేటు తీస్తూ ఇంకో మాట కూడా అంది. "ఈ ఒక్కసారికి చీటీలు బొమ్మలు చూశాక రాయకూడదా?"

"పద్ధతి ఒప్పుకోదు" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి కుళాయి తిప్పింది.

నాకు దిగులేమీ కలగలేదు. ఎన్నో బొమ్మల గూఢార్థాలు విప్పినవాణ్ణి, సొంత పెళ్ళాం గీసిన బొమ్మ పోల్చుకోలేనా? ముంజేతి కంకణానికి అద్దమెందుకు?

చీటీలు చకచకా సాగాయి. నాలుగో నంబరుకు విరహం రాశాను, తొమ్మిదికి తపన, పన్నెండుకు తపనలో విరహం. పదిహేడో నంబరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం ఆగింది. ఫారంలో ఇలా ఉంది: 'కూర్చున్న మనిషి. తలకు తెల్లగుడ్డ. కళ్ళు మూసి. ఎడమ భుజం కిందికి. చెవి దగ్గర పిట్ట. పాదాలు నీళ్ళ తొట్టిలో. చేతిలో సూది. ఎర్రదారం, ఫ్రేము బయటికి.'

ఎవరో తలపండిన చిత్రకారుడు అనుకున్నాను. ఒక్క బొమ్మలో ఇన్ని ప్రతీకలు కూర్చడం కొత్తవాళ్ళ వల్ల అవుతుందా? నా జీవితంలో అంత మంచి చీటీ మళ్ళీ రాయలేనేమో. నలభై ఏడు మాటల్లో తేల్చేశాను. మీరే చదవండి.

'ముసుగు కింద మూసుకున్న కళ్ళతో ఈ స్త్రీ తన లోపలి ప్రపంచాన్ని చూసుకుంటోంది. ఒరిగిన భుజం ఆమె తరతరాలుగా మోస్తున్న బాధ్యతలకు గుర్తు. చెవి దగ్గరి పిట్ట రానున్న ప్రియుడి కబురు. నీటిలో పాదాలు ఆమెలోని జీవనదిని సూచిస్తాయి. సూది ఓర్పు, ఎర్రదారం ప్రేమ. ఆ దారం చట్రం దాటి అనంతంలోకి సాగుతుంది. ఇవ్వడమే తప్ప అడగడం తెలియని స్త్రీత్వానికి ఈ చిత్రం నిలువెత్తు సాక్ష్యం.'

గ్యాలరీ నడిపే మేడమ్ నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. ఆవిడా నేనూ పదకొండేళ్ళుగా ఈమెయిళ్ళలోనే పని చేస్తున్నాం. నా మొహం ఆవిడకు సరిగ్గా గుర్తుంటుందని నేననుకోను. "పదిహేడుది చదివి ఏడ్చేశానండీ" అంది. బొమ్మ అప్పటికి ఇంకా గోనెగుడ్డలోనే ఉంది.

ప్రారంభం రోజు మధ్యాహ్నానికే మూడు గదులూ కిక్కిరిశాయి. మా ఆవిడ షాపు మూసి, ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని నాతోపాటు వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, "ఊఁ, కనిపెట్టండి మరి" అంది.

పదిహేడో నంబరు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అటువైపు వెళ్ళాల్సిన పని నాకు లేదు. అది మా ఆవిడది కాదని ఎలాగూ తెలుసు. చీటీలు చదువుకుంటూ, అంటే నేను రాసినవే మళ్ళీ చదువుకుంటూ, నేరుగా అయిదో నంబరు ముందు ఆగాను. జుట్టంతా కత్తెరలతో, మెడలో కొలత టేపుతో ఉన్న స్త్రీ. దర్జీ వేసిన బొమ్మ అని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

"ఇది."

"కాదు. దర్జీ కత్తెరలు అలా ఉండవు."

ఇరవై రెండో నంబరు. గుండె స్థానంలో దారపు ఉండ, దాని చుట్టూ గుండీలు.

"ఇది."

"కాదు" అంది. ఈసారి నవ్వు కాస్త తగ్గింది. "దర్జీని కాబట్టి దారాలూ గుండీలూ వేస్తాననుకున్నారా? రోజంతా చేసేది అదేగా, ఇంకా బొమ్మలో కూడానా?"

ఆలోచించాను. ఆడమనిషి, పెళ్ళయింది, నలభై దాటింది, చేయి విరిగింది. ముప్పై ఆరో నంబరులో ఒక స్త్రీ ఒంటిచేత్తో ఆకాశాన్ని మోస్తోంది. చీటీలో 'విరిగినా వంగని శక్తి' అని రాసి ఉంది. నా చీటీ కాబట్టి నమ్మాను.

"ఇదే. ఒట్టు."

ఆవిడ ఆ బొమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "పోనీలెండి" అంది. వెళ్ళి రెండో గదిలో బల్ల మీద కూర్చుంది. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ సరిచేసుకుంటూ కూర్చుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను తిట్టిన రోజులున్నాయి, మాట్లాడకుండా ఉన్న రోజులున్నాయి. ఈ 'పోనీలెండి' మాత్రం నేనెప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది.

ఏం చేయాలో తెలియక, మనసు కుదుటపడుతుందని, నా మంచి చీటీ దగ్గరికి బయల్దేరాను. మనిషికి కష్టం వస్తే తనను పొగిడేచోటికే పోతాడు.

జనం వీపుల వెనక నిలబడి విన్నాను. కళ్ళజోడు పెద్దాయన ఒకరు నా చీటీ గట్టిగా చదివి, వేలు బొమ్మ వైపు చూపిస్తూ వివరిస్తున్నారు.

"ఆ మీసం గమనించారా? స్త్రీ పెదవి మీద పురుషాహంకారం ఎలా తిష్ఠ వేసుక్కూర్చుందో చూడండి. ఎంత లోతైన భావన."

"నాకలా అనిపించలేదండీ" అంది పక్కనున్నావిడ. "అది ప్రియుడి మీసం. ప్రేమ ముదిరాక ఇద్దరూ ఒకటైపోయారన్నమాట. అందుకే ఆమె మొహం మీదికి వచ్చేసింది."

ఇంకెవరో అది మీసం కాదని, మాట్లాడనివ్వకుండా నోటికి వేసిన నల్లటి కుట్టు అని అన్నారు. అందరూ 'అవునవును' అన్నారు. కాలేజీ అమ్మాయిలిద్దరు ఫోటో తీసుకున్నారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

పాఠకులారా, గమనించారా? ఇంతమందిలో 'ఇది మగమనిషి బొమ్మేమో' అన్నవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు! చీటీలో 'స్త్రీ' అని ఉంది. ఉన్నాక మీసం ఏం చేస్తుంది? చీటీ బలం అది. నాకైతే గర్వంతో ఛాతీ పొంగింది. ఫారంలో మీసం లేదు, చీటీలో మీసం లేదు, అయినా నేను చూపించిన దారిలోనే జనం ఎంత దూరం వెళ్ళిపోయారో! నా మీసం సవరించుకుంటూ వెనక్కి తిరిగాను.

గోడవార స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. దగ్గరివి చదవాలంటే కళ్ళజోడు కావాలి, అది ఇంట్లో మర్చిపోయి రావడం అతనికి అలవాటు. కాబట్టి చీటీలు చదవడు.

"బాగా వచ్చింది సార్, మీ బొమ్మ" అన్నాడు.

"నా బొమ్మేమిటి?"

"అదే సార్, పదిహేడు. మేకు కొట్టింది నేనే కదా. గోనెగుడ్డ విప్పగానే పోల్చుకున్నాను. తలకు తువ్వాలొకటి కొత్తగా ఉంది గానీ, భుజం మీదే. డబ్బులకొచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు కూడా మీరు ఎడమపక్కకి ఇలాగే ఒరుగుతారు."

నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళాను. పదకొండేళ్ళ నియమం తప్పి, చీటీ వదిలేసి బొమ్మ చూశాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికానని అప్పుడు తెలిసింది.

ఆ తెల్లగుడ్డ ముసుగు కాదు. వంటింటి తువ్వాలు. కూరలో వెంట్రుక వచ్చిందని మా ఆవిడ మొదటిరోజే ముక్కు చిట్లించింది. ఉన్న నాలుగూ రాలకుండా నేను నలభై రోజులూ తలకు తువ్వాలు చుట్టుకునే వండాను. నీళ్ళ తొట్టి జీవనది కాదు, వేడినీళ్ళు. పొద్దస్తమానం పొయ్యి ముందు నిలబడితే మడమలు లాగేసేవి. చెవి దగ్గరి పిట్ట కూడా నాకు తెలుసు. ఆవిడ మాత్రలకు వేళ తప్పకూడదని ఫోనులో రోజుకు మూడుసార్లు అలారం పెట్టాను. దానికి పిట్ట కూత పెట్టుకున్నాను. అది కూయగానే ఎక్కడున్నా లేచి పరిగెత్తేవాణ్ణి.

కళ్ళు మూసుకుని ఉన్నది లోపలి ప్రపంచాన్ని చూసుకోవడానికి కాదు. నిద్రపోతున్నాను. నోరు కూడా కాస్త తెరుచుకుని ఉంది.

చేతిలో సూది ఉంది. ఎర్రదారం సూదిలోంచి బయల్దేరి, మోకాళ్ళ మీదుగా, బొమ్మ అంచు దాటి మనవైపుకే వచ్చేసింది. రెండో కొస బొమ్మలో లేదు. అది ఎక్కడుందో గ్యాలరీ మొత్తం మీద నాకొక్కడికే తెలుసు. ఆవిడ నీలం స్వెటర్‌కు గుండీ ఊడింది. ఒంటిచేత్తో దర్జీ తన గుండీ తాను కుట్టుకోలేదు. నీలందారం దొరక్క, ఎర్రదారంతో, ఆవిడ ఒంటి మీద ఉండగానే కుడదామని ఎదురుగా కూర్చున్నాను. రెండు కుట్లు వేసినట్టు గుర్తుంది. ఆ తర్వాతది గుర్తులేదు.

ఆ మొహంలో ఎంత మెత్తదనం ఉందో మీకెలా చెప్పను? అద్దంలో నేనెప్పుడూ అలా లేను. ఎవరో ఎదురుగా కూర్చుని, ఎంతో ఇష్టంగా చూస్తే తప్ప మనిషి అలా కనిపించడు. నా పక్కన కళ్ళజోడు పెద్దాయన నావైపు ఒకసారి చూసి, నా మీసం కూడా చూసి, మళ్ళీ చీటీ చదువుకోవడంలో మునిగిపోయారు.

రెండో గదిలోకి వెళ్ళి బల్ల మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఎంతసేపు నిద్రపోయాను ఆ రోజు?"

ఆవిడ సంచి పట్టీ వదిలేసింది. "గంట పైనే."

"లేపొచ్చు కదా."

"సూది మీ చేతిలో ఉంది, దారం నా స్వెటర్‌కుంది. ఏమాత్రం కదిలినా మీరు లేచిపోతారు. అప్పటికి మూడు రోజులుగా మీకు నిద్ర లేదు. నొప్పి అని నేను మూలుగుతూంటే మీరెక్కడ పడుకున్నారు?"

"మరి గంటసేపు ఏం చేశావు?"

"చూశాను" అంది. "ఎడమచెయ్యి ఖాళీయే కదా. పక్కన కొలతల పుస్తకం ఉంటే దాని వెనకట్ట మీద గీశాను. నేను గీసిన మొదటి బొమ్మ అదే. రంగులు వేయడానికి ఏడాది పట్టింది."

"ఫారంలో మీసం రాయలేదేం మరి?"

"మొహంలో ఉన్నవన్నీ రాస్తారా ఎక్కడైనా? ముక్కు కూడా రాయలేదు."

"ప్రదర్శన పేరు 'స్త్రీత్వం' కదా. నన్ను పెట్టావేమిటి?"

"ఏమోనండీ. ప్రేమ, స్త్రీత్వం అని ఫారంలో చదవగానే నాకు ఆ రోజు మీరే గుర్తొచ్చారు. అబద్ధం రాయలేను కదా."

నేను వెంటనే మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. పదిహేడో చీటీ తప్పు, తీసేయాలి అన్నాను. ఆవిడ నన్ను ఎవరో అన్నట్టు పైకీ కిందికీ చూసింది. "ఎక్కువమంది చదువుతున్నది అదేనండీ. పేపరువాళ్ళు కూడా అడుగుతున్నారు. తీసేయడం కుదరదు. వీలైతే మీసం గురించి ఇంకో రెండు మాటలు కలపండి, పదమూడు మాటలకు చోటుంది" అంది.

కలపలేదు. కాబట్టి చీటీ ఇప్పటికీ అక్కడే ఉంది. వెళ్ళినవాళ్ళు చదువుకోవచ్చు. చూసుకోవడానికైతే పక్కన బొమ్మ కూడా ఉంది.

ఇంత జరిగాక కూడా చీటీలు వరమేనంటారా అని మీరు అడుగుతారు. అంటాను. ఎందుకంటే ఆ చీటీలో నేను రాసిన మాటలు ఒక్కటి కూడా తప్పు కాదు. ఓర్పు, ప్రేమ, భుజం మీద బరువు, అడగకుండా ఇవ్వడం, అన్నీ బొమ్మలో ఉన్నాయి. అవి కనిపించగానే ఇది ఆడమనిషే అయి ఉంటుందని నా చెయ్యి దానంతటదే రాసేసింది. అవే పనులు సాక్షాత్తు నేను చేసిన రోజుల్లో కూడా నన్ను నేను పోల్చుకోలేకపోయాను. అంత గట్టిగా అతికించిపెట్టాం మనం ఆ చీటీని.

అయితే ఒక లెక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. నేను ఆ పనులు చేసింది నలభై రోజులు. దానికి నా బొమ్మ గోడకెక్కింది, జనం కళ్ళు తుడుచుకున్నారు. మా ఆవిడ చేస్తున్నది ఇరవై రెండేళ్ళుగా. నేను నిద్రపోతే ఆవిడ గంటసేపు కదలకుండా చూసింది. ఆవిడ నిద్రపోతే నేనేం చేశాను? పేపరు చదివాను.

ఇంటికి వచ్చాక ఒక ఖాళీ ఫారం తీసుకుని, ఎప్పుడైనా ఆవిడ బొమ్మ గీస్తే అందులో ఏమేమి ఉండాలో రాద్దామని కూర్చున్నాను. 'నిరీక్షణ' అని రాసి కొట్టేశాను. 'త్యాగం' అని రాసి కొట్టేశాను. 'కళ్ళు' అని రాశాను. ఆ తర్వాత ఏం రాయాలో నాకు తెలియలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఎవరిదో చొక్కా చేతుల కుట్లు విప్పుతోంది.

"కాస్త ఇటు తిరుగు" అన్నాను.

"ఎందుకు, మళ్ళీ చీటీయా?"

"కాదు. చూద్దామని."

చొక్కా ఒళ్ళో పెట్టుకుని తిరిగింది. కుడి కనుబొమ్మ చివర చిన్న గాటు ఉంది. ఎప్పుడు తగిలిందని అడిగాను.

"చిన్నప్పుడెప్పుడో" అంది. "పెళ్ళిచూపులనాటికే ఉందిది."